లియా వెల్టి గోల్స్ అంతగా చేయదు కదా, ఆమెకు ఇంత పేరు ఎందుకు?

ప్రశ్న:
2025 జూలైలో స్విట్జర్లాండ్‌లో జరిగిన మహిళల యూరో కప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు వరుసగా చూశాను. ఆతిథ్య జట్టు కెప్టెన్ లియా వెల్టిని వ్యాఖ్యాతలు పదే పదే మెచ్చుకున్నారు. అయితే ఆ జట్టు గ్రూపు దశలో చేసిన నాలుగు గోల్స్‌లో ఆమెది ఒక్కటీ లేదు. వందకు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినా ఆమె గోల్స్ వేళ్ల మీద లెక్కించదగినన్నే. ఆమెలా మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ గొప్పతనాన్ని దేన్నిబట్టి కొలవాలో తెలిసినవారు వివరించగలరా?

మొదటి సమాధానం:
ఆమె ఆడేది ఫుట్‌బాల్ పరిభాషలో ‘ఆరో నంబర్’ అనే స్థానం. చొక్కా మీద 13 ఉన్నా చేసే పని మాత్రం ఆరో నంబరుదే, అంటే రక్షణ వరుసకు సరిగ్గా ముందు నిలబడి, వెనుక నుంచి వచ్చే బంతిని అందుకుని, ప్రత్యర్థులు మీదికి వచ్చేలోపు దానిని ఖాళీగా ఉన్న సహచరికి చేర్చడం. బంతి కాలికి తగలకముందే ఆమె తల తిప్పి భుజాల వెనుక ఎవరున్నారో చూసుకుంటుంది. ఈసారి ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి ఆమెనే గమనించండి. టీవీ కెమెరా బంతి వెంటే పరిగెత్తడం వల్ల ఈ పనిలో సగం మన కంట పడదు. ఆమె దగ్గర మొదలైన దాడి గోల్‌గా ముగిసేసరికి మధ్యలో మూడు నాలుగు పాస్‌లు దొర్లిపోయి ఉంటాయి కాబట్టి, గోల్స్, అసిస్ట్‌ల (గోల్‌కు ముందు ఇచ్చే చివరి పాస్‌ల) పట్టికలో ఆమె పేరు కనిపించదు.

రెండో సమాధానం:
పై వివరణకు ఆమె ప్రయాణాన్ని జోడిస్తాను. బెర్న్ ప్రాంతంలోని లాంగ్నౌలో 1993లో పుట్టిన వెల్టి, యంగ్ బాయ్స్ మహిళల జట్టుతో 2011లో స్విస్ లీగ్ గెలిచింది. 2013లో, ఇరవై ఏళ్ల వయసులో, జర్మనీలోని పోట్స్‌డామ్ క్లబ్‌కు వెళ్లి ఐదేళ్లు ఆడింది. మహిళల ఫుట్‌బాల్‌లో స్విట్జర్లాండ్ కంటే ఎంతో ముందున్న లీగ్ అది. ఆమె ఆటకు పదును వచ్చింది అక్కడేనని నా నమ్మకం. 2018లో లండన్ క్లబ్ ఆర్సెనల్‌లో చేరిన తొలి సీజన్‌లోనే ఇంగ్లండ్ లీగ్ టైటిల్ దక్కింది. 2023, 2024 లీగ్ కప్‌లు, 2025లో లిస్బన్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించి సాధించిన చాంపియన్స్ లీగ్ కూడా ఆమె ఖాతాలో ఉన్నాయి. ఆ ఏడాదే ఇటలీలోని యువెంటస్‌కు మారింది.

మూడో సమాధానం:
పొగడ్త కాస్త ఎక్కువైందేమో. ఆ లిస్బన్ ఫైనల్ తొలి పదకొండు మందిలో వెల్టి లేదు. మధ్యవరుసను ఆమె ఆర్సెనల్ సహచరులు కిమ్ లిటిల్, మరియోనా కాల్డెంటె నడిపారు. యూరోలో కూడా మిడ్‌ఫీల్డ్‌లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది స్విస్ జట్టులోనే ఉన్న జెరాల్డీన్ రాయిటెలర్. ఐస్‌లాండ్‌పై మొదటి గోల్ ఆమెదే. 2023 ప్రపంచ కప్‌లో స్పెయిన్ చేతిలో 1-5తో ఓడిన రోజున కెప్టెన్ స్థానం చుట్టూ ఎంత ఖాళీ ఏర్పడిందో కూడా గుర్తు చేసుకోవాలి.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
రాయిటెలర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే ఆమె అంత స్వేచ్ఛగా ముందుకు దూసుకుపోగలిగింది వెనుక కాపలాగా ఒకరు నిలబడినందువల్లనే. స్పెయిన్ మాటకొస్తే, ఆక్లాండ్‌లో అయిదు గోల్స్ సమర్పించుకున్న స్విస్ జట్టు, రెండేళ్ల తరువాత బెర్న్‌లో అదే ప్రత్యర్థిపై గంటకు పైగా గోల్ ఇవ్వకుండా నిలిచి చివరికి 0-2తో ఓడింది. యూరోలో స్విట్జర్లాండ్ క్వార్టర్ ఫైనల్ చేరడం అదే మొదటిసారి. ఆ ఘనత ఒక్కరిదే అనను. పియా సుంధాగె శిక్షణకు, ఫిన్లాండ్‌పై 90 నిమిషాలు దాటాక కలిపిన ఇంజురీ టైమ్‌లో గోల్ చేసి జట్టును గట్టెక్కించిన రియోలా జెమైలికి కూడా అందులో వాటా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్లే ఐస్‌లాండ్ మ్యాచ్ రికార్డింగును మళ్లీ పెట్టి, బంతిని కాకుండా ఆమెనే చూశాను. పాస్ రాకముందు ఆమె ఎన్నిసార్లు తల తిప్పుతుందో లెక్కపెట్టబోయి, మొదటి పావుగంటలోనే లెక్క తప్పాను.