వసతికి బదులు సేవ: పర్యాటక వీసా సరిపోతుందా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
న్యూజిలాండ్‌లోని ఒక పండ్లతోటలో రోజుకు నాలుగైదు గంటలు పనిచేస్తే భోజనం, వసతి ఉచితమని, జీతం లేదు కనుక విజిటర్ వీసా చాలునని తోటవారు చెప్పారంటూ మా అమ్మాయి ప్రయాణానికి సిద్ధమవుతోంది. డిగ్రీ ఈ ఏడాదే పూర్తయింది. పంపవచ్చునా?

జవాబు (గుంటూరు):
ఆ వీసాతో పంపకండి. డబ్బు చేతికి రాకపోయినా, శ్రమకు ప్రతిఫలంగా తిండి, బస పొందితే న్యూజిలాండ్ నిబంధనలు దానిని పనిగానే పరిగణిస్తాయి కాబట్టి, పనిచేసే అనుమతి ఉన్న వీసా తప్పనిసరి. బ్రిటన్ ఈ విషయంలో కొంత నయం. అక్కడ సందర్శకులు నమోదైన ధార్మిక సంస్థలో మొత్తం 30 రోజులకు మించకుండా సేవ చేయవచ్చు గాని, ప్రయాణానికి అదే ప్రధాన కారణం కాకూడదు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ఆస్ట్రేలియా 2024లో భారతీయులకు వర్క్ అండ్ హాలిడే వీసాను (విహారంతో పాటు పని కూడా చేసుకోనిచ్చే వీసా) ప్రారంభించింది. 18 నుంచి 30 ఏళ్లవారికి ఏడాదికి 1,000 మాత్రమే ఇస్తారు, అవీ లాటరీ పద్ధతిలో. దేశం ఏదైనా, వారానికి ఎన్ని గంటల పని, సెలవు ఎప్పుడు, గదిలో ఎందరుంటారు, గదికి లోపలి గడియ ఉన్నదా అన్నవి ముందుగానే ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఫోనులో తీయగా మాట్లాడి, రాతపూర్వకంగా అడిగేసరికి ముఖం చాటేసేవారి దగ్గరికి ఆడపిల్లను పంపడం నాకైతే సమ్మతం కాదు.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలండీ. టికెట్టు ఇంకా కొనలేదు. ఆస్ట్రేలియా లాటరీ వివరాలను అమ్మాయి చేతనే చదివిస్తాను.