అమ్మ పొత్తికడుపులో గడ్డ, సీఏ 125 రక్తపరీక్షలో 480 వచ్చింది. ఆపరేషనేనా?

సిద్దిపేట అబ్బాయి: అమ్మకు 67. ముట్లు ఆగి 17 ఏళ్లు. రెండు నెలలుగా నడుం దగ్గర చీర బిగుతవుతుంటే గ్యాస్ అనుకున్నాం. స్కాన్‌లో ఎడమ అండాశయం దగ్గర 9 సెంటీమీటర్ల గడ్డ, కడుపులో నీరు. వెంటనే ఆపరేషన్ అన్నారు. ఎమ్మారై తీయించాలా? అమ్మకు చెప్పాలా?

గుంటూరు కోడలు: తమ్ముడూ, కంగారు పడకు. మా అత్తయ్యకు 600 పైనే వచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడుపులు. నీరు తీస్తే ఏడీఏ (టీబీలో పెరిగే ఎంజైమ్) ఎక్కువ, లాపరోస్కోపీలో తీసిన ముక్కలో టీబీ. 6 నెలలు మందులు మింగింది, గడ్డ కరిగిపోయింది.

విశాఖ 71: ఇలాంటి మాటలే మా కొంప ముంచాయి. ముక్క తీయకుండానే టీబీ అని మా అమ్మకు 4 నెలలు మందులు వాడించారు. తీరా చూస్తే అండాశయ క్యాన్సర్, మూడో దశ. అందరికీ టీబీయేనా?

గుంటూరు కోడలు: ముక్క తీశాకే తేలిందని రాశాను కదండీ. చదివి తిట్టండి.

ల్యాబ్‌లో 22 ఏళ్లు: ఈ రిపోర్టులు రోజూ నా చేతి మీదుగానే వెళ్తాయి. సీఏ 125 నార్మల్ 35 లోపు. టీబీలో, సిరోసిస్‌లో (లివర్ జబ్బు) కూడా పెరుగుతుంది. అలాగని వదిలేయకూడదు. క్యాన్సర్ ముప్పు ఎంతో చూడటానికి ముట్లాగిన వాళ్లకు స్కాన్ స్కోరును 3తో, దాన్ని సీఏ 125తో హెచ్చవేస్తారు. గడ్డలో గట్టి భాగం, కడుపులో నీరు రెండూ ఉంటే స్కోరు 3. అప్పుడు మీ అమ్మగారిది 4320. 200 దాటితే చాలు, గైనిక్ ఆంకాలజిస్టు (ఆడవాళ్ల క్యాన్సర్ల డాక్టరు) చూడాలి.

కాకినాడ పెద్దాయన: ముక్క మాత్రం తీయించొద్దు! సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుంది.

ల్యాబ్‌లో 22 ఏళ్లు: అలా భయపెట్టకండి. అండాశయం దాటని గడ్డకు సూది గుచ్చరు, కణాలు చిందుతాయని. పగలకుండా మొత్తం తీసి, పేషెంటు థియేటర్లో ఉండగానే ఫ్రోజెన్ సెక్షన్ (ముక్కను అప్పటికప్పుడే పరీక్షించడం) చూస్తారు. జబ్బు కడుపులో పొరలకు పాకినట్టు కనిపిస్తే అక్కడ ముక్క తీయడం మామూలే.

కాకినాడ పెద్దాయన: మా చెల్లెలు పోయింది సూది పెట్టాకే. మీ లెక్కలు నాకొద్దు.

విశాఖ 71: సూది వల్లే అని ఎవరు చెప్పారు మీకు? ముక్క తీయకపోబట్టే మేం 4 నెలలు పోగొట్టుకున్నాం!

నెల్లూరు చిన్నమ్మి: మా పిన్నికి కుడి ఊపిరితిత్తి చుట్టూ కూడా నీరు చేరింది. పడుకుంటే ఆయాసం, రాత్రంతా గోడకానుకుని కూర్చునేది. గడ్డ తీస్తే మామూలు ఫైబ్రోమా, క్యాన్సర్ కాదు. అలాంటి గడ్డతో ఇలా నీరు చేరడాన్ని మీగ్స్ సిండ్రోమ్ అన్నారు. నీరు మళ్లీ చేరలేదు.

కరీంనగర్ 68: టీబీ అయితే నిక్షయ్‌లో (ప్రభుత్వ టీబీ పోర్టల్) పేరు రాయించండి. నెలకు 1000 పడుతుంది.

సిద్దిపేట అబ్బాయి: నీరు పరీక్షకు ఇచ్చాం. సోమవారం ఆంకాలజిస్టు దగ్గరికి. రాత్రి అమ్మ నా చెయ్యి కడుపు మీద పెట్టుకుని "ఏముందిరా ఇందులో" అంది. నోరు పెగల్లేదు.

గుంటూరు కోడలు: గడ్డ ఉందమ్మా, ఏమిటో ఇంకా తేలలేదు అని చెప్పు. ఉన్న మాటే కదా. మేం దాచినందుకు మా అత్తయ్య నెల రోజులు మాతో మాట్లాడలేదు.