సీటీ స్కాన్‌లో రేడియేషన్ డోస్ తగ్గిస్తే ఇమేజ్ బాగా లేదంటున్నారు, మీరేం చేస్తున్నారు?

నైట్‌డ్యూటీ_సీటీ:
మాది 16 స్లైస్ మెషిన్. నాయిస్ తగ్గించి ఇమేజ్ కట్టే ఇటరేటివ్ సాఫ్ట్‌వేర్ లేదు, పాత ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్ పద్ధతే. కిడ్నీ రాళ్ల కేసులకు ఎంఏఎస్ (ఎక్స్‌రే ఎంత ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) సగానికి దించాను. రిపోర్టింగ్ డాక్టర్ గారు ఫోన్ చేసి "ఇసక చల్లినట్టుంది, ఎలా చదవమంటావ్" అని గట్టిగా అరిచారు. రాయి కనపడుతూనే ఉంది. పిల్లల హెడ్‌కు కూడా మీరేం సెట్టింగ్స్ పెడుతున్నారో చెప్పండి.

రేడియో_విశాఖ:
ఎంఏఎస్ సగం చేస్తే నాయిస్, అంటే ఇమేజ్‌లో ఆ ఇసక, 1.4 రెట్లవుతుంది, ఆయన కోపంలో తప్పేముంది? మీరు 1 మి.మీ. స్లైస్‌లే పంపుతున్నారేమో చూసుకోండి. సాఫ్ట్ కెర్నల్‌తో (ఇమేజ్‌ను నునుపు చేసే ఫిల్టర్) 3 మి.మీ. చేసి పంపండి. డోస్ అదే, ఇసక చాలావరకు పోతుంది.

పాతకాపు_22ఏళ్లు:
సింగిల్ స్లైస్ రోజుల నుంచీ కన్సోల్ మీదే ఉన్నాను. పిల్లలకు ఛెస్ట్ తీస్తే కడుపు మీద లెడ్ ఏప్రన్ కప్పకుండా ఒక్క స్కాన్ చెయ్యలేదు. ముందు అది చేస్తున్నారా మీరు?

ఫిజిక్స్_లక్ష్మి:
సార్, స్కౌట్‌కు (స్కాన్‌కు ముందు తీసే ప్లానింగ్ ఇమేజ్) ముందు కప్పుతారా, తర్వాతా? ఏప్రన్ అంచు స్కౌట్‌లో పడిందంటే, ఒంటి మందాన్ని బట్టి ఎక్స్‌రే కరెంట్ మార్చే ఆటో ఎంఏ అక్కడ ఒళ్లు మందంగా ఉందనుకుని కరెంట్ పెంచేస్తుంది. పైగా కడుపుకు చేరేది చాలావరకు ఒంటి లోపల చెదిరి వచ్చేదే, పైన కప్పిన లెడ్ దాన్ని ఆపలేదు. రొటీన్‌గా గోనాడ్ షీల్డింగ్ (వృషణాలు, అండాశయాల మీద లెడ్ కప్పడం) వద్దని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఏఏపీఎం 2019లోనే చెప్పింది.

పాతకాపు_22ఏళ్లు:
పేపర్లు చదివి చెప్పడం తేలికమ్మా. తల్లి ఎదురుగా నిలబడి "పాపకు ఏదైనా కప్పండి సార్" అని ఏడుస్తుంటే అమెరికా వాళ్లు వద్దన్నారని చెప్పమంటారా?

ఫిజిక్స్_లక్ష్మి:
పేపర్లు కాదు సార్, ఫాంటమ్ (మనిషి ఒంటికి బదులు పెట్టే ప్లాస్టిక్ దిమ్మ) పెట్టి, అందులో డోస్ కొలిచే ఛాంబర్ దూర్చి నేనే కొలుస్తాను. మీ అనుభవాన్ని తక్కువ చెయ్యడం లేదు. ఆ ఏప్రన్ తల్లికి వెయ్యండి. పాపను పట్టుకుని గదిలో ఉండేది ఆవిడే కదా.

ఖమ్మం_స్కాన్:
ఏప్రన్ సంగతి సరే, టేబుల్ ఎత్తు ఎవరైనా చూస్తున్నారా? మాకు ట్యూబ్ పైన పెట్టి స్కౌట్ తీస్తాం. టేబుల్ పైకి ఉంటే పేషెంట్ ట్యూబ్‌కు దగ్గరై స్కౌట్‌లో లావుగా కనపడతాడు, ఆటో ఎంఏ డోస్ పెంచుతుంది. కిందికి ఉంటే డోస్ తగ్గి ఇమేజ్ చెడుతుంది. నేను పక్క లేజర్ గీత నడుం మందానికి సరిగ్గా మధ్యలో పడేదాకా బటన్ వదలను. ఈ ఒక్కటి అలవాటయ్యాక మాకు నాయిస్ కంప్లయింట్లు ఆగిపోయాయి.

బాబు_వాళ్లమ్మ:
నేను మీ ఫీల్డ్ కాదు. మా బాబు మంచం మీంచి పడితే ఒకచోట తలకు సీటీ తీశారు. ఇంకోచోటికి పంపితే సీడీ ఓపెన్ కాలేదని మళ్లీ తీశారు. డోస్ ఎంతని అడిగితే "చాలా తక్కువమ్మా, టెన్షన్ పడకండి" అన్నారు గానీ అంకె చెప్పలేదు. అది ఎక్కడుంటుంది?

ఫిజిక్స్_లక్ష్మి:
సీడీలో డోస్ రిపోర్ట్ అని విడిగా ఒక పేజీ ఉంటుందండి. అందులో సీటీడీఐ (స్కానర్ ఇచ్చే డోస్), డీఎల్‌పీ (దాన్ని స్కాన్ పొడవుతో గుణించింది) చూడండి. అవి ఫాంటమ్ లెక్కలే, బాబు ఒంటికి అందిన డోస్ కాదు. కడుపు స్కాన్‌కు 32 సెం.మీ. ఫాంటమ్ లెక్క వేస్తే చిన్నపిల్లలకు నిజంగా అందేది ఆ అంకె కంటే ఎక్కువే.

పాతకాపు_22ఏళ్లు:
చూశారా, ఒకే తలకు రెండుసార్లు! ఇదీ అసలు డోస్ అంటే. ఒక్కో కడుపుకు ప్లెయిన్, ఆర్టీరియల్, వీనస్, డిలేడ్ అని నాలుగు ఫేజ్‌లు, అంటే నాలుగు స్కాన్‌లు, రాసేస్తారు. అందులో అక్కర్లేనిది ఒక్కటి మానినా మీ కెర్నల్స్ కంటే ఎక్కువ మేలు. ఆ మాట డాక్టర్లను అడిగేదెవరు?

రేడియో_విశాఖ:
ఈ మాట ఒప్పుకుంటాను. అవసరం లేని ఫేజ్ రాస్తే నేనే ఫోన్ చేసి కొట్టేయిస్తాను. కాంట్రాస్ట్ (అయోడిన్ మందు) ఎక్కించే కేసుల్లో సన్నగా ఉన్నవాళ్లకు ట్యూబ్ వోల్టేజ్ 120 కేవీ బదులు 100 పెట్టి చూడండి. అయోడిన్ ఇంకా తెల్లగా వస్తుంది, నాయిస్ కాస్త పెరిగినా చదవడానికి ఇబ్బంది ఉండదు.

నైట్‌డ్యూటీ_సీటీ:
రాత్రి ఒక రాయి కేసు వచ్చింది. చూస్తే మా టేబుల్ నాలుగు వేళ్ల కిందికి ఉంది. సరిచేసి, అదే సగం ఎంఏఎస్‌తో తీసి 3 మి.మీ. పంపాను. మూత్రనాళం కింద చిన్న రాయి, రిపోర్ట్‌లో సైజుతో సహా వచ్చింది. ఫోన్ రాలేదు. ఖమ్మం అన్నా, థాంక్స్. పిల్లల హెడ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.