ఎస్‌పీఎఫ్ సీడు అంటే వైరస్ రాని సీడా?

ఉండి రొయ్య రైతు:
ఎస్‌పీఎఫ్ తల్లి రొయ్యల పిల్లలు, అదే సీడు, అని చెప్పి ఇచ్చారండి. పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) రిపోర్టులో వైట్‌స్పాట్ వైరస్ నెగెటివే. చెరువు ఎండబెట్టి, బ్లీచింగ్ కొట్టి మరీ వదిలాం. నెల దాటాక చెక్‌ట్రేల్లో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లేలు) మేత మిగలడం మొదలైంది, తర్వాత గట్టు వెంట ఎర్రబడ్డ రొయ్యలు తేలాయి. టెస్ట్ చేయిస్తే వైట్‌స్పాట్ అన్నారు. ఎస్‌పీఎఫ్ అంటే వైరస్‌ని తట్టుకునేదని కాదా? ఎస్‌పీఎఫ్, ఎస్‌పీఆర్, ఎస్‌పీటీ అన్నీ ఒకటేనని మేత డీలరు అంటున్నాడు. వచ్చే పంటకి ఏది అడగాలి?

ఆకివీడు ల్యాబ్:
ఒకటి కాదు తమ్ముడూ. పీసీఆర్ మిషను దగ్గర కూర్చునేవాణ్ని, ఈ తేడా తెలియక లీజు డబ్బు కూడా పోగొట్టుకుంటున్న రైతుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఎస్‌పీఎఫ్ (స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ) అంటే ఫలానా క్రిములు ఈ రొయ్యల్లో లేవని, అంతవరకే. ఆ ‘ఫలానా’కి ఒక జాబితా ఉంటుంది. అందులో లేని క్రిమి గురించి సర్టిఫికెట్టు ఏమీ చెప్పదు. బయటి నీరు, బయటి జీవి తగలని కేంద్రంలో తరతరాలుగా పెంచి, మళ్లీ మళ్లీ పరీక్షించి ఆ పేరు ఇస్తారు. అంటే అది రొయ్య ఎక్కడ, ఎలా పెరిగిందో చెప్పే మాట. దాని ఒంట్లో బలం ఎంతో చెప్పదు. కేంద్రం గడప దాటాక ఆ పేరు చెల్లదు కూడా. మనం పెంచే వనామీ పసిఫిక్ తీరపు రొయ్య, మన దేశంలో 2009లో పెంపకానికి అనుమతి వచ్చింది. విదేశాల నుంచి దిగిన తల్లి రొయ్యల్ని చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉంచి, పరీక్షలయ్యాకే హేచరీలకి (సీడు తీసే కేంద్రాలకి) ఇస్తారు. ఈ జాగ్రత్తంతా సీడుతోపాటు జబ్బు దిగకుండా. మీ చెరువులోకి తర్వాత వచ్చే వైరస్‌కి అది అడ్డు కాదు.

ఎస్‌పీఆర్ (స్పెసిఫిక్ పాథోజెన్ రెసిస్టెంట్) అంటే నిరోధకత. క్రిమి వచ్చినా ఒంట్లో పాతుకోనివ్వదు. ఇది జన్యువుల్లో ఉండే గుణం, పిల్లలకి దిగుతుంది. టౌరా సిండ్రోమ్ వైరస్‌కి వనామీలో అలాంటి వంశాల్ని ఎంపిక చేసి పెంచారు. అయితే టౌరాని ఆపే వంశం వైట్‌స్పాట్‌ని ఆపాలని లేదు. ఏ క్రిమి లెక్క దానిదే.

ఎస్‌పీటీ (స్పెసిఫిక్ పాథోజెన్ టాలరెంట్) దగ్గర మాత్రం జాగ్రత్త. అది తట్టుకోవడం. వైరస్ ఎక్కుతుంది, ఒంట్లో ఉంటుంది, రొయ్య చావదు. మన ఉప్పుటేరు మండ పీతలు చాలావరకు ఇంతే: వైట్‌స్పాట్‌ని మోస్తూ ఆరోగ్యంగా తిరుగుతాయి. పీతల నెట్టు కట్టమని పోరేది ఇందుకే. మీ చెరువుకి పీతల వల్ల వచ్చిందో, నీటితో వచ్చిందో, పక్క చెరువులో చచ్చిన రొయ్యని కాకి తెచ్చి పడేసిందో ఇప్పుడు చెప్పలేం. సీడు ఎస్‌పీఎఫ్ అయినా ఇవన్నీ జరుగుతాయి.

పెనుగొండ వరి రైతు:
మా వరిలోనూ ఉందండి ఈ తేడా. మార్టేరు పరిశోధన కేంద్రం తెచ్చిన స్వర్ణ వరికి సబ్‌1 జన్యువు కలిపి 2009లో విడుదల చేశారు కదా. రెండు వారాలదాకా నీట మునిగినా మళ్లీ చిగురిస్తుంది. మునగకుండా ఉండదు, మునిగి బతుకుతుంది. మీరు చెప్పిన తట్టుకోవడం అదేనా?

ఆకివీడు ల్యాబ్:
అదేనండి, బాగా పట్టుకున్నారు. కాకపోతే మునిగిన వరి పక్క పొలాన్ని ముంచదు. వైరస్ మోసే రొయ్య పక్క చెరువుని ముంచుతుంది.

ఉండి రొయ్య రైతు:
మరి మా బావ చెరువులో ఈహెచ్‌పీ అనే క్రిమి పాజిటివ్ అన్నారు, ఒక్క రొయ్యా చావలేదు. జబ్బు ఉన్నట్టా లేనట్టా?

ఆకివీడు ల్యాబ్:
పాజిటివ్ అంటే ఆ క్రిమి జన్యుపదార్థం శాంపిల్‌లో దొరికిందని. అంటే ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చని. దానివల్ల ఒంటికి నష్టం కనబడితే జబ్బు. ఈహెచ్‌పీ వైరస్ కాదు, బూజు జాతికి దగ్గరి మైక్రోస్పోరిడియా. కాలేయంలాంటి హెపటోపాంక్రియాస్‌లో చేరి ఎదుగుదలని తినేస్తుంది. చావులు లేవని ఊరుకోవద్దనండి. సైజుల్లో తేడా వస్తోందా, మేత తింటున్నా కౌంటు (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) దిగడం లేదా చూడమనండి. వస్తే అది జబ్బే. రెట్టలో స్పోర్లు పడి చెరువు అడుగున ఉండిపోతాయి, తర్వాత పంటకీ అంటుతాయి.

నెగెటివ్ కూడా మీరిచ్చిన శాంపిల్‌కే వర్తిస్తుంది, లక్షల సీడుకి కాదు. ఈసారి హేచరీలో ‘ఎస్‌పీఎఫ్ ఉందా’ అని అడక్కండి. ఏయే క్రిములకి ఎస్‌పీఎఫ్, రిపోర్టు ఏ తేదీది, మీకిచ్చే ట్యాంకు సీడుదేనా అని అడగండి, కాగితం చేతికి తీసుకోండి. ఇక మీ చెరువులో ఇప్పుడున్న నీటిని అలాగే డ్రెయిన్లోకి తెరవొద్దు. బ్లీచింగ్ వేసి, కొన్నాళ్లు ఆపి వదలండి. కింద చెరువుల వాళ్లకి ఈ రోజే కబురు చేయండి.