గుర్రపు ఇత్తడి బిళ్లలు 43: ఏవి బండి లాగిన గుర్రాలవి, ఏవి గోడ సరుకు?

తోలుపట్టీ అడిగారు:

ఇంగ్లండ్‌లో కార్ బూట్ సేల్‌లో (జనం కారు డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే సంత) కొన్న పెట్టె. బండి గుర్రాల జీను సామానుకి వేలాడదీసే ఇత్తడి బిళ్లలు మొత్తం 43. మూడు తోలు పట్టీల మీద నాలుగేసి ఉన్నాయి, మిగతా 31 విడివి. సూర్యుడు, నెలవంక, చక్రం, గుర్రం బొమ్మ, విక్టోరియా రాణి ముఖం, ఊళ్ల పేర్లు, అన్నీ కలగలుపు. విడివి నల్లబడ్డాయి, పట్టీల మీదవాటికి పచ్చగా చిలుము పట్టింది. ఒకదాని వెనక ఆర్‌డీ అని ఉండి పక్కన నంబర్ ఉంది.

వీటిలో నిజంగా గుర్రం మీద వేలాడినవి ఏవో ఎలా పోల్చుకోవాలి? తోమి అమ్మాలా, ఉన్నవి ఉన్నట్టే అమ్మాలా? పట్టీలు విప్పెయ్యాలా?

---

పోతపని రాశారు:

ముందు తోమడం ఆపండి, పట్టీలు విప్పకండి. ఒక్కో బిళ్లనీ బోర్లా తిప్పి చూడండి. బొమ్మని చూస్తే వయసు తెలియదు, వెనక చూస్తే తెలుస్తుంది.

బిళ్లలు రెండు రకాలు. పోత పోసినవి, రేకు మీద అచ్చు గుద్దినవి. ఇలాంటి పని ఎక్కువగా జరిగింది బర్మింగ్‌హామ్, వాల్‌సాల్ ఊళ్లలో. పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి పోత బిళ్లలు బాగా వాడుకలోకి వచ్చాయి. అచ్చు గుద్దినవి ఆ శతాబ్దం చివర్లో వచ్చి మొదటి ప్రపంచ యుద్ధం దాకా నడిచాయి.

అచ్చు బిళ్లని గుర్తుపట్టడం తేలిక. రేకు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లకి అటూ ఇటూ, అంతటా ఒకేలా ఉంటుంది. ముందువైపు ఉబ్బెత్తుగా ఉన్నచోట వెనకవైపు గుంట ఉంటుంది. కోసిన సందుల అంచు ముందువైపు నున్నగా లోపలికి వంగి, వెనకవైపు గోటికి తగిలేంత పదునుగా ఉంటుంది. బరువు కూడా పోత బిళ్లలో సగమో, కాస్త ఎక్కువో.

పోత బిళ్ల ఇసుక అచ్చులో పోస్తారు. వెనక రెండు చిన్న మొలకలు కూడా కలిపి పోసేవాళ్లు, వాటిని అక్కడ గెట్స్ అంటారు. ఆ మొలకలని పట్టుకారులో బిగించి ముందువైపు ఆకురాయితో రాసి మెరుగుపెట్టేవాళ్లు. పని అయ్యాక మొలకలు కోసి రాసేసేవాళ్లు. అందుకే పాత పోత బిళ్ల వెనక రెండు చదునైన మచ్చలో, పొట్టి బుడిపెలో మిగులుతాయి. అవి లేనంత మాత్రాన కొత్తదని కాదు, కొందరు పూర్తిగా నున్నగా రాసేశారు.

ఊళ్ల పేర్లున్నవి, వెనక మేకుకి తగిలించే కొక్కెం ఉన్నవి, పైన పట్టీ దూరే సందు మరీ సన్నగా ఉన్నవి పక్కన పెట్టెయ్యండి. లారీలొచ్చి బండి గుర్రాలు తగ్గాక కూడా పబ్బుల గోడలకీ పొయ్యిగూళ్లకీ లక్షణంగా అమ్ముడైన సరుకు అది. అమ్మేటప్పుడు అలాగే చెప్పి అమ్మొచ్చు, తప్పేం లేదు.

ఇవి దిష్టి తగలకుండా ప్రాచీన కాలం నుంచి కట్టిన తాయెత్తులని చాలా ప్రకటనల్లో రాస్తారు. ఆ వరసకి ఆధారం లేదు. సూర్యుడూ నెలవంకా ఉన్నంత మాత్రాన విక్టోరియా కాలపు బండివాడి ముచ్చట మంత్రమైపోదు.

---

వెర్నియర్ రాశారు:

పైన చెప్పినవన్నీ సరే. నేనైతే ముందు చూసేది అరుగుదల, అదీ ఎక్కడ అరిగిందన్నది.

పట్టీ బిళ్ల పైనున్న సందులోంచి దూరుతుంది. బిళ్ల బరువంతా ఆ సందు పైకమ్మీ లోపలి అంచు మీద ఆగుతుంది. గుర్రం అడుగేసినప్పుడల్లా అక్కడ తోలు రాసుకుని కమ్మీ మధ్యలో సన్నబడుతుంది, మూలల్లో అసలు మందం మిగులుతుంది. రెండోచోటు వెనకవైపు కింది అంచు. అది కింది తోలుకి కొట్టుకుని చదునుగా మెరుస్తుంది. మూడోది ముందు ఉబ్బెత్తు భాగాలు, తోమీ తోమీ గుర్రం బొమ్మ మీది జూలు గీతల్లాంటివి మాయమవుతాయి.

తోలు అరగదీసిన చోట గీతలుండవు, నున్నటి వంపు ఉంటుంది. ఆకురాయితో అరగదీస్తే భూతద్దంలో ఒకే దిక్కున గీతలు కనిపిస్తాయి. డ్రమ్ములో రాళ్లతో కలిపి తిప్పి పాతబరిచినవి కూడా ఉన్నాయి. వాటిలో అన్ని అంచులూ, తోలు ఎప్పుడూ తగలని చోట్లతో సహా, ఒకేలా గుండ్రబడి ఉంటాయి.

కొలత గురించి కూడా చెప్పాలి. పాత బిళ్లనే నమూనాగా పెట్టి ఇసుకలో కొత్తది పోస్తే ఇత్తడి చల్లారేటప్పుడు దాదాపు ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది. 80 మిల్లీమీటర్ల అసలుకి నకలు 78.8 వస్తుంది. కానీ చుట్టుకొలతని నమ్మకండి, అంచుని రాసినా ఒక మిల్లీమీటరు పోతుంది. లోపలున్న రెండు రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలవండి, అది ఎంత రాసినా మారదు. పోల్చడానికి అదే డిజైన్‌లో నమ్మకమైన బిళ్ల కొలత మాత్రం మీ చేతిలో ఉండాలి.

---

తోలుపట్టీ రాశారు:

విక్టోరియా బిళ్ల చూశాను. ముందు 1897 అని ఉంది. బరువు 118 గ్రాములు. వెనక మీరు చెప్పిన బుడిపెలు రెండూ ఉన్నాయి, అయితే వెనకంతా గరుకుగా ఇసుక అద్దినట్టుంది. సందు కమ్మీ ఎక్కడా సన్నబడలేదు.

---

పోతపని రాశారు:

బుడిపె నెత్తిని టార్చి పక్కనుంచి వేసి చూడండి. ఆకురాయితో కోసిన బుడిపె అయితే నెత్తి చదునుగా, గీతలతో, అంచు పదునుగా ఉంటుంది. చుట్టూ ఉన్న గరుకే బుడిపె నెత్తి మీద కూడా ఉంటే అది కోసిన మొలక కాదు. నమూనాగా పెట్టిన పాత బిళ్ల, దాని బుడిపెతో సహా ఇసుక అచ్చులో పడిందన్నమాట. ఇత్తడి బిళ్లల నకళ్లలో తరచూ దొరికిపోయేది ఇక్కడే. అరుగుదల లేకపోవడం కూడా కలిపి చూస్తే మీది నకలే అనుకుంటాను. 1887, 1897 జూబిలీ (విక్టోరియా పాలనకి యాభై, అరవై ఏళ్ల ఉత్సవాలు) బిళ్లలకి నకళ్లు విపరీతం, బిళ్ల మీదున్న సంవత్సరం బొమ్మలో భాగమే తప్ప తయారైన తేదీ కాదు.

---

చిలుం_వదిలింది రాశారు:

తోమడం సంగతి. వేరుచేయడం, ఫొటోలు తీయడం అయ్యాకే ముట్టుకోండి.

విడివాటికి గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్ చాలు. కడిగిన వెంటనే తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. సందుల్లో చిలుముని పుల్లతో గీకండి, సూదితో వద్దు. స్టీల్ ఊలు, డ్రిల్లుకి తగిలించే తీగ బ్రష్ అసలొద్దు, వెర్నియర్ గారు చెప్పిన అరుగుదల ఒక్క నిమిషంలో గీతలపాలవుతుంది.

పులుపు పెట్టి తోమితే చప్పున మెరుస్తుంది గానీ, నానబెట్టి వదిలేస్తే జింకు కరిగిపోయి పైన రాగి మిగులుతుంది. గులాబీరంగు మచ్చలు పడ్డ బిళ్లలన్నీ అలా పాడైనవే. పైపొర ఎంత లోతు పోయిందన్నదాన్ని బట్టి కొన్నిటికి మళ్లీ పసుపురంగు రాదు.

అమోనియా ఉన్న పాలిష్‌లో నానబెట్టకండి. వంచినప్పుడో గుద్దినప్పుడో ఇత్తడిలో బిగువు మిగిలిపోతుంది, అమోనియా తగిలితే అక్కడే చీలుతుంది. అచ్చు బిళ్లల మెడ దగ్గర సన్నటి అడ్డగీత కనిపిస్తే అదే అనుమానించండి. బ్రిటిష్ సైన్యం మనదేశంలో వానాకాలం గుర్రపుసాలల్లో దాచిన ఇత్తడి తూటాలు పగిలింది కూడా ఇందుకే, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా వల్ల. బిళ్లలు బతికింది కూడా అలాంటి సాలల్లోనే మరి.

బ్రాసోలాంటిది వాడాలనుకుంటే ముందువైపు మాత్రమే, బట్టకి కొద్దిగా అద్ది. వెనక ముట్టుకోవద్దు. సందుల్లో తెల్లటి పొడి మిగిలితే వైట్ స్పిరిట్ (పెయింటు పలచబరిచే ద్రవం) తడిపిన పత్తితో తీసేయండి, ఫొటోలో మొదట కనిపించేది ఆ తెలుపే. చివర్లో మైక్రోక్రిస్టలిన్ మైనం పలచగా రాస్తే సరిపోతుంది. లక్క వార్నిష్ వెయ్యకండి, అది పెచ్చులూడాక కింద నల్లటి గీతలు పడతాయి.

పట్టీల మీద పచ్చగా మైనంలా ఉన్నది తోలులోని కొవ్వు రాగితో కలిసి పుట్టింది. నీళ్లు తగలనివ్వకుండా పొడిగా చెక్కపుల్లతో తీయండి. తోలు మీదున్నప్పుడు పాలిష్ వెయ్యొద్దు, కారినచోట తోలు తెల్లబడి పెళుసవుతుంది.

---

తూకంరాయి రాశారు:

పట్టీలు ఎందుకు విప్పొద్దన్నారో ఎవరూ చెప్పలేదు. మూడు నాలుగు బిళ్లలతో గుర్రం రొమ్ము కిందుగా వేలాడేదాన్ని మార్టింగేల్ అంటారు. బిళ్లని కాస్త పైకెత్తి కింద తోలు చూడండి. ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే బిళ్ల ఆకారంలో ముదురు నీడ, దాని అంచు రాసిన గుంట ఉంటాయి. నీడా బిళ్లా ఒకటైతే అది మొదటినుంచీ ఒకటిగా ఉన్న సెట్టు, విప్పితే ఆ సాక్ష్యం పోయినట్టే. నీడ గుండ్రంగా ఉండి బిళ్ల నెలవంకైతే ఎవరో తర్వాత మార్చారు. తోలు శుభ్రంగా, నీడ లేకుండా ఉంటే అలంకారానికి కట్టిందే, విప్పినా నష్టం లేదు.

అమ్మకానికి మూడు కుప్పలు చెయ్యండి. అరుగుదల సరైన చోట ఉన్నవి ఒక్కొక్కటిగా. నీడ కలిసిన పట్టీలు పట్టీలుగా. గోడ సరుకు పదేసి లాటుగా; ఈ కుప్ప ఒక్కో బిళ్లకి ఒకటి రెండు పౌండ్లు పలికితే చాలనుకోండి, పోస్టు ఖర్చుకే సగం పోతుంది కాబట్టి విడిగా పెట్టడం దండగ.

ఒక్కో బిళ్లకీ ముందు, వెనక, పట్టీ సందు దగ్గరగా, స్కేలుతో ఒకటి, నాలుగు ఫొటోలు. ముందువైపుకి కిటికీ దగ్గర పల్చటి తెల్లకాయితం అడ్డం పెట్టండి, లేకపోతే ఇత్తడిలో మీ ఫోనే కనిపిస్తుంది. వెనకవైపుకి మాత్రం లైటు పక్కనుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడే మొలకల మచ్చలు పైకి తేలతాయి. వివరణలో పోతా అచ్చా, ఎత్తు మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాయండి. విక్టోరియా కాలం అని రాయకండి. 1975 నుంచి నేషనల్ హార్స్ బ్రాస్ సొసైటీ అని ఈ బిళ్లల అభిమానుల సంఘం ఉంది, అలాంటి చోట్ల తలపండినవాళ్లు కొంటారు. వాళ్లకి వెనకవైపు ఫొటో చాలు, వయసు వాళ్లే చెప్పుకుంటారు.

లండన్ కార్ట్ హార్స్ పరేడ్ (బండి గుర్రాల ఊరేగింపు) పేరున్నది గానీ, ఆర్‌ఎస్‌పీసీఏ (జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే బ్రిటిష్ సంస్థ) పేరున్నది గానీ ఉంటే లాటులో కలపకండి. ఆ పరేడ్ 1885లో మొదలైంది, వ్యాన్ హార్స్ పరేడ్ 1904లో, రెండూ 1966లో కలిసిపోయాయి. గుర్రాన్ని బాగా చూసుకున్న బండివాళ్లకి అక్కడ ఇచ్చిన బిళ్లలకి కొనేవాళ్లు వేరే ఉంటారు.

పోస్టుకి: రాయల్ మెయిల్ (బ్రిటన్ తపాలా సంస్థ) లార్జ్ లెటర్ 25 మిల్లీమీటర్ల మందం, 750 గ్రాములు దాటకూడదు. రెండు మూడు బిళ్లలు అట్టల మధ్య పక్కపక్కనే పరిస్తే అందులో వెళ్తాయి, ఒకదానిమీద ఒకటి పెడితే మందం దాటుతుంది. స్మాల్ పార్సిల్ 2 కిలోల దాకా, అంటే పోత బిళ్లలు పెట్టెతో కలిపి పదిహేను. ఒక్కోదాన్నీ విడిగా చుట్టండి. వదులుగా వేస్తే దారిలో కొట్టుకుని మెత్తటి ఇత్తడి మీద కొత్త నొక్కులు పడతాయి, తిరిగొచ్చే సరుకు అక్కడే పుడుతుంది.

---

తోలుపట్టీ రాశారు:

రెండు పట్టీలకి నీడ కలిసింది, మూడోదానికి అసలు నీడే లేదు. ఆర్‌డీ నంబర్ ఉన్నది అచ్చు బిళ్ల. ఆరంకెలు, మొదటి రెండు 29, మిగతావి అరిగిపోయాయి.

---

వెర్నియర్ రాశారు:

ఆర్‌డీ అంటే రిజిస్టర్డ్, బ్రిటన్‌లో నమోదు చేయించిన డిజైన్ నంబర్ అన్నమాట. ఆ వరస 1884లో ఒకటితో మొదలైంది. 1897 ప్రారంభంలో 291241, 1900 ప్రారంభంలో 351202. మీది 29తో మొదలైతే డిజైన్ నమోదైంది 1896 చివర్లోనో 1897లోనో. అది డిజైన్ తేదీ మాత్రమే, అదే అచ్చుతో తర్వాత ఎన్నేళ్లయినా గుద్ది ఉండొచ్చు.

మిగతా అంకెల కోసం పల్చటి కాయితం పరిచి మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దండి. మొత్తం నంబర్ దొరికితే డిజైన్ రిజిస్టర్లు లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత దస్తావేజులు దాచే సంస్థ) ఉన్నాయి, నమోదు చేయించినవాళ్ల పేరు దొరుకుతుంది. రుద్దేముందు మాత్రం ఆ బిళ్ల వెనక అస్సలు తోమకండి, మిగిలిన కాస్త గీత కూడా పోతుంది.