పాత ఫోర్‌బాల్స్‌లో కొత్త సభ్యులకు చోటు ఇవ్వాలని నియమం పెట్టాలా?

పుటింగ్ గ్రీన్:
మా గోల్ఫ్ క్లబ్ కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఏళ్ల తరబడి కలిసి ఆడుతున్న నలుగురి జట్లు (ఫోర్‌బాల్స్) నెలకోసారి ముగ్గురే ఆడి, నాలుగో చోటు కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వాలట. నా ఓటు దీనికే.

నేను చేరిన రోజు అందరూ బాగానే పలకరించారు. లాకర్ చూపించారు, కాఫీ ఇప్పించారు. ఆ తర్వాత ఆరు వారాలు ఒక్కడినే ఆడాను. పొద్దున్నే వచ్చి, బంతిని గుంతలోకి కొట్టడం సాధన చేసే పుటింగ్ గ్రీన్ మీద మూడు బంతులు వేసుకుని నిలబడేవాణ్ణి. ఆట మొదలయ్యే ఫస్ట్ టీ దగ్గర నుంచి నలుగురు నవ్వుకుంటూ వెళ్లేవారు, కాసేపటికి ఇంకో నలుగురు. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలో రాసే టీ టైమ్ షీట్‌లో గళ్లన్నీ నిండి ఉండేవి, ప్రతి వారం అవే పేర్లు. నా పేరు ఎక్కడ రాయాలో తెలిసేది కాదు. ఎవరినైనా అడుగుదామంటే మొహమాటం.

శనివారం బ్యాచ్:
మీ బాధ అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. మేం నలుగురం పదకొండేళ్లుగా కలిసి ఆడుతున్నాం. వారమంతా పనితో సతమతమయ్యాక మాకు మిగిలేది ఆ ఒక్క పూటే. నెలకోసారి ఒకరు ఇంట్లో కూర్చోవాలంటే ఎవరు కూర్చోవాలి? రూల్ పెట్టారని పిలిచిన మనిషితో నాలుగు గంటలు నడవడం ఆ వచ్చినవాళ్లకు మాత్రం బాగుంటుందా? పైగా ఆట నెమ్మదిస్తే వెనక గ్రూపులన్నీ ఆగిపోతాయి. ముందు ప్రో (కోచ్) దగ్గర నేర్చుకుని, చేయి కాస్త కుదిరాక కలవడమే మంచిది.

యాభై నాలుగు:
శనివారం బ్యాచ్ గారూ, చేయి కుదిరాక అంటున్నారు, ఆ కుదరడం ఎలాగో కూడా చూడండి. హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, అది ఎంత పెద్దదైతే స్కోరులో అంత వెసులుబాటు) రావాలంటే 54 హోల్స్ స్కోర్లు ఇవ్వాలి; బంతిని ఒక గుంతలో వేసేదాకా ఆడేది ఒక హోల్. 18 హోల్స్ చొప్పున అయితే మూడు రౌండ్లు. ఒంటరిగా ఆడిన స్కోరు లెక్కలోకి రాదు, పక్కన ఇంకొకరు ఉండాలి. తోడు లేనిదే హ్యాండీక్యాప్ రాదు, హ్యాండీక్యాప్ లేనిదే పోటీల్లోకి తీసుకోరు. ఇక కొత్తవాళ్లు మీ అందరికీ పరిచయమయ్యేది ఎప్పుడు? 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్ మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకేలా 54 దాకా హ్యాండీక్యాప్ ఇచ్చింది. నాలాంటివాళ్లు కూడా మీతో సమానంగా ఆడాలనే కదా!

ఆలస్యం సంగతికి వస్తే, హ్యాండీక్యాప్ ఇంకా రానివాళ్లకు ఒక హోల్‌లో పార్ (ఆ హోల్‌కు పెట్టిన దెబ్బల లెక్క) మీద 5 కంటే ఎక్కువ లెక్కపెట్టరు. పార్ 4లో తొమ్మిదికి చేరితే బంతి చేతిలోకి తీసుకుని నడవవచ్చు. 2019 నుంచి బంతి వెతకడానికి ఉన్న ఐదు నిమిషాలు కూడా మూడయ్యాయి. ఈ రెండూ మాకు ముందే చెప్పేవాళ్లుంటే సగం టెన్షన్ పోయేది.

నా మొదటి రౌండ్‌లో తెలియక ఒకాయన పుట్ లైన్ మీద నుంచి నడిచాను. అందరూ మౌనం. తప్పు చేశానని ముఖాలు చూసి తెలిసింది గానీ ఏం తప్పో తెలియలేదు. మూడు హోల్స్ అయ్యాక ఒక పెద్దాయన పక్కకు వచ్చి, "అమ్మా, బంతికీ గుంతకీ మధ్యలో అడుగు పెట్టకూడదు, ఇలా వెనక నుంచి చుట్టి రా" అని తను నడిచి చూపించారు. పిచ్ మార్క్ (బంతి పడ్డచోట గ్రీన్ మీద పడే సొట్ట) సరిచేయడం కూడా ఆయనే నేర్పారు: ఫోర్కుతో మట్టిని పైకి ఎత్తకూడదు, అంచుల నుంచి మధ్యలోకి నెట్టాలి. క్లబ్‌లో నేను నిలిచానంటే ఆయన వల్లే.

స్టార్టర్ బల్ల:
నేను టీ షీట్ చూసే మనిషిని. అందరికీ ఒకే నియమం పెడితే మొక్కుబడి అయిపోతుంది. ఇష్టం ఉన్నవాళ్ల పేర్లు తీసుకుని, సాయంత్రం 9 హోల్స్‌కి రెండు మూడు టీ టైమ్‌లు విడిగా పెట్టండి. 9 హోల్స్ స్కోర్లు కూడా ఆ 54లో కలుస్తాయి. అయితే ఒక్కసారి పిలిచి వదిలేయకండి. మొదటిసారి మర్యాదకు అందరూ పిలుస్తారు, రెండోసారి ఎవరూ పిలవరు. పేర్లు రాసేది నేనే కాబట్టి నాకు కనిపిస్తూనే ఉంటుంది.

పుటింగ్ గ్రీన్:
9 హోల్స్ ఆలోచన బాగుంది. కానీ అది కొత్తవాళ్లను కొత్తవాళ్లతోనే కలిపేదిగా మారితే నాకు ఇష్టం లేదు. ప్రతి గ్రూపులో కనీసం ఇద్దరు పాతవాళ్లు ఉండాలి.

శనివారం బ్యాచ్:
ఒంటరి స్కోరు పనికిరాదన్న సంగతి నాకూ తెలుసు, కొత్తవాళ్ల వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. నియమానికి మాత్రం ఇప్పటికీ నా ఓటు లేదు. మాలో ఒకరు వచ్చే నెల రెండు వారాలు ఊళ్లో ఉండరు. ఆ రెండు శనివారాలూ నాలుగో గడి ఖాళీ ఉంచమని స్టార్టర్ గారికి చెప్తాను. 54 హోల్స్ స్కోరు కార్డులు ఇంకా పూర్తికాని వాళ్లెవరైనా పేరు రాయండి, మార్కర్‌గా (స్కోరు రాసి ధ్రువీకరించే మనిషిగా) నేను సంతకం పెడతాను.