నెల్లూరా, నెల్లోరా? ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చాలా వద్దా

ట్రంకురోడ్డు: ఆఫీసు మీటింగుల్లో ఉత్తరాది వాళ్లు మన ఊరిని "నెల్లోర్" అంటుంటే ఒళ్లు మండిపోతోంది. వాళ్లననేం లాభం, చివర ఓ, ఆర్, ఈ అని రాసుకుంటున్నది మనమే. ఒకప్పుడు ఇంగ్లీషులో "ఎల్లోర్" అని రాసిన ఏలూరు ఇప్పుడు ఏలూరే అయింది. కర్ణాటక వాళ్లు 2014 నవంబరు 1న బెంగళూరు, మైసూరు, మంగళూరు ఒక్కరోజే మార్చేశారు. మనకేం అడ్డం?

దర్గామిట్ట: పనిలేని పని. పదేళ్లు దాటినా జనం నోట బ్యాంగ్లోర్ పోయిందా? 2008లో జిల్లాకి పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టారు, మంచిదే, అయినా బస్సు ఎక్కినోడు నెల్లూరుకి ఒక టికెట్టు అనే అడుగుతాడు.

మూలాపేట: నా బాధ అర్థం గురించి. నెల్లి అంటే ఉసిరి, ఉసిరిచెట్టు కింద శివలింగం దొరికిందనీ అదే మా మూలస్థానేశ్వరుడనీ స్థలపురాణం. నెల్లి, ఊరు కలిస్తే నెల్లూరు. "లోర్" అనేసరికి అందులో ఊరే లేకుండా పోయింది.

పెన్నావొడ్డు: ఏందబ్బా ఉసిరి? తమిళంలో నెల్ అంటే వడ్లు. మొలగొలుకులు పండిన నేల ఇది, పేరు వడ్ల మీద రాక చెట్టు మీద వస్తుందా?

మూలాపేట: అదే తమిళంలో నెల్లి అంటే ఉసిరే మరి! నెల్, ఊర్ కలిపినా లకారం రెట్టించి నెల్లూరే వస్తుంది, కాబట్టి వ్యాకరణం మీ పక్షమూ కాదు మా పక్షమూ కాదు. తిక్కన గారి కాలంలో అయితే విక్రమసింహపురి అనేవాళ్లు, అది పెట్టుకున్నా స్పెల్లింగు గొడవ ఇంకా ఎక్కువే అవుతుంది.

ఒంగోలోడు: మీరు లూరా లోరా అని కొట్టుకోండి, అక్కడ బ్రెజిల్ వాళ్లు మా ఒంగోలు జాతిని తీసుకుపోయి "నెలోరి" అని పిలుస్తున్నారు, వాళ్ల దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం అదే. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లాలోకి పోయింది, 1970లో గానీ మాకు సొంత జిల్లా రాలేదు. గిత్త మాది, పేరు మీది. ఇదేం న్యాయం?

ట్రంకురోడ్డు: గిత్త మీదేనని ఒప్పుకుంటాం, పేరు మాత్రం ఇవ్వం. నా ఓటు మార్చడానికే. రైల్వే స్టేషను బోర్డు మీద తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఇంకొకటి ఎందుకుండాలి?

దర్గామిట్ట: సరే, పాసుపోర్టు, పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు మళ్లీ దిద్దించుకునే ఖర్చు ఎవరు పెడతారో ముందు అది చెప్పు.